వానలో ఐర్లండ్: మోహర్, కెర్రీ, కనెమారా, విక్లో... ఏ రోజు ఎటు వెళ్లాలి?

ఊరి నుంచి అమ్మానాన్న వచ్చారు, శని ఆదివారాలు ఎక్కడికైనా తీసుకెళ్దామంటే ఫోన్‌లో రెండు రోజులూ వాన గుర్తే కనిపిస్తోంది. వెళ్లాలా, మానాలా? డబ్లిన్‌లో ఉన్న తెలుగువాళ్ల మధ్య మే నెల నుంచి ఆగస్టు దాకా నలిగే ప్రశ్న ఇది. నా జవాబు: వెళ్లండి, కానీ ముందు అనుకున్న చోటికే వెళ్లాలని పట్టుబట్టకండి. వాన చూసి ఇంట్లో కూర్చుంటే ఇక్కడ ఏడాదిలో సగం రోజులు కూర్చోవాల్సిందే. కనీసం 1 మిల్లీమీటరు వాన పడే రోజులు తూర్పు తీరంలో ఏడాదికి సుమారు 150 ఉంటాయి, పడమట 225 దాకా ఉంటాయి.

అలాగని మన వానాకాలాన్ని ఊహించుకుని బెంబేలెత్తిపోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తంలో పడే వాన దాదాపు 800 మిల్లీమీటర్లు, డబ్లిన్ విమానాశ్రయం దగ్గర పడేది 760 దరిదాపుల్లో. అక్కడ అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లో దంచేస్తుంది, ఇక్కడ పన్నెండు నెలలూ పంచుకుని ముసురు పెడుతుంది. గంటసేపు తుంపర, పావుగంట ఎండ, మళ్లీ ఒక జల్లు. అదే కెర్రీ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పడమటి కొసన ఉన్న వాలెన్షియా వాతావరణ కేంద్రంలో లెక్క 1,500 మిల్లీమీటర్లు దాటుతుంది. ఇంత చిన్న దేశంలోనే ఆ కొసకూ ఈ కొసకూ రెట్టింపు తేడా. మనం వాడుకోవాల్సింది ఈ తేడానే.

వాన, మబ్బు, గాలి: ఏది ఎక్కువ?

'వాతావరణం బాగాలేదు' అనే మాటలో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి వాన. రెండోది కిందికి దిగిన మబ్బు, అంటే కొండల మీద పొగమంచు. మూడోది గాలి. వీటిలో అందరూ భయపడేది వానకే, నిజానికి ట్రిప్పును తక్కువ చెడగొట్టేదీ అదే. మబ్బు కిందికి దిగితే ఎత్తు మీద నుంచి చూసే చోట్లన్నీ దండగ. గాలి ముదిరితే సముద్రపు కొండచరియలు, పడవలు దండగ. ఒట్టి వానకు మాత్రం జలపాతాలు పొంగుతాయి, కొండల మీద తెల్లటి నీటి చారలు దిగుతాయి, పచ్చదనం ఇంకాస్త ముదురుతుంది.

అందుకని ముందు రోజు సాయంత్రం ఫోన్‌లో వచ్చే వాన గుర్తును వదిలేసి, ఐర్లండ్ వాతావరణ శాఖ మెట్ ఏరన్ యాప్‌లో రెండు చూడండి. మొదటిది గాలి దిశ. నైరుతి నుంచి వీస్తుంటే అట్లాంటిక్ తేమంతా పడమటి తీరంలోని కెర్రీ, కనెమారా కొండలకు తగిలి అక్కడే కురుస్తుంది, డబ్లిన్ వైపు వచ్చేసరికి చాలావరకు పలచబడుతుంది. అలాంటి రోజు డబ్లిన్‌కు దక్షిణాన ఆనుకుని ఉన్న విక్లో మంచి బేరం. తూర్పు గాలి అయితే కథ తారుమారు. డబ్లిన్‌లో రోజంతా ముసురు పట్టినా పడమటి తీరపు గాల్వే దాటాక నేల పొడిగా ఉండొచ్చు. రెండోది వాన రాడార్. అల్పపీడనం వెంట వచ్చే వానపట్టీ సాధారణంగా పడమటి నుంచి తూర్పుకు జరుగుతుంది కాబట్టి, పొద్దున గాల్వేలో కురిసింది మధ్యాహ్నానికి డబ్లిన్ చేరుతుంది. మీరు పొద్దున్నే పడమటికి బయల్దేరితే దారిలో వానకు ఎదురెళ్లి, దాన్ని దాటేసి, అవతల ఎండలో దిగిన రోజులు ఉంటాయి.

హెచ్చరికలు ఎల్లో, ఆరెంజ్, రెడ్ అని కౌంటీల వారీగా ఇస్తారు. వానకు ఎల్లో ఉంటే జాగ్రత్తగా వెళ్లొచ్చు. గాలికి ఎల్లో ఉంటే సముద్రం ఒడ్డు మానేసి లోపలి చోటు ఎంచుకోవాలి. ఆరెంజ్ ఉంటే ఆ కౌంటీకి వెళ్లకండి, టికెట్ డబ్బు పోయినా సరే. రెడ్ సంగతి వేరే చెప్పాలా! 2025 జనవరి 24న వచ్చిన ఎయోవిన్ తుపానులో గాల్వే కౌంటీలోని మేస్ హెడ్ దగ్గర గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది, ఈ దేశంలో నమోదైన అతి పెద్ద గాలి అదే. వేసవిలో అంత రాదు గానీ, పడమటి తీరం గాలిని తక్కువ అంచనా వేయకూడదు.

క్లిఫ్స్ ఆఫ్ మోహర్: అందరూ అడిగేది, వానలో అందరికన్నా ముందు వదులుకోవాల్సింది

క్లేర్ కౌంటీలో సముద్రం నుంచి నిటారుగా లేచే ఈ కొండచరియలు ఓబ్రయన్స్ టవర్ దగ్గర 214 మీటర్ల ఎత్తు ఉంటాయి. తేటగా ఉన్న రోజు ఇంతటి దృశ్యం ఐర్లండ్‌లో ఇంకోటి లేదంటే ఒప్పుకుంటాను. పొగమంచు రోజు మాత్రం ఇంతటి నిరాశ కూడా ఇంకోటి లేదు. రెయిలింగ్ దగ్గర నిలబడితే ముందంతా తెలుపే, కింద ఎక్కడో అల కొట్టుకునే శబ్దం, పక్షుల అరుపులు. అంతే. పైగా డబ్లిన్ నుంచి కోచ్‌లో, అంటే టూరిస్టు బస్సులో, వెళ్లి రావడానికి పన్నెండు గంటలు పైనే పడుతుంది, అందులో అక్కడ ఉండనిచ్చేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. ఆ కాస్త సమయంలో మబ్బు విడవకపోతే రోజంతా సీట్లో కూర్చున్నందుకు మిగిలేది నడుం నొప్పి.

మోహర్ చూసి తీరాల్సిందే అంటే డబ్లిన్ నుంచి ఒక్క రోజులో వద్దు. డూలిన్‌లోనో లహించ్‌లోనో ఒక రాత్రి ఉండండి. సముద్రపు పొగమంచు అరగంటలో కమ్ముకుంటుంది, అరగంటలో విడిపోతుంది. దగ్గర్లో బస ఉంటే సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి ప్రయత్నించొచ్చు. ఆ చరియలు పడమటికి తిరిగి ఉంటాయి కాబట్టి వెలుగు కూడా మధ్యాహ్నం తర్వాతే బాగా పడుతుంది. 2007లో కొండ లోపలికి కట్టిన విజిటర్ సెంటర్‌లో ప్రదర్శన, కెఫే ఉన్నాయి, జల్లు ఆగేదాకా తలదాచుకోవచ్చు. చరియ అంచున డూలిన్, లిస్‌కానర్ వైపు వెళ్లే నడకదారి జోలికి తడి రోజుల్లో అసలు పోవద్దు. 2024లో అందులో చాలా భాగాన్ని భద్రత కోసం మూసేశారు కూడా.

గాలి, మంచు రెండూ ఉన్న రోజు అదే క్లేర్‌లో పక్కనే ఉన్న బరెన్ మంచి మారు. సున్నపురాయి పలకలు పరిచినట్టున్న నేల అది. పడ్డ నీరు పైన నిలవకుండా రాతి పగుళ్లలోకి ఇంకి, భూమి కిందనే ప్రవహిస్తుంది. ఆ నీళ్లు తొలిచిన గుహల్లో ఐల్వీ, డూలిన్ గుహలను గైడ్‌తో వెళ్లి చూడొచ్చు. డూలిన్ గుహలో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడ 7.3 మీటర్ల పొడవు. ఐల్వీ లోపల ఎప్పుడూ 10 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, లోపలి జలపాతం వాన పడ్డాక ఇంకా జోరుగా దూకుతుంది. అంటే బయట ఎంత పాడైతే లోపల అంత బాగుంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు డూలిన్ గుహ మెట్లు కష్టం, వాళ్లతో ఐల్వీయే నయం. పౌల్‌నబ్రోన్ రాతియుగపు సమాధి రోడ్డు పక్కనే ఉంటుంది, గొడుగు లేకుండా కూడా దిగి చూసి రావచ్చు. తడిసిన సున్నపురాయి జారుతుంది, చెప్పుల్లో మాత్రం దిగనివ్వకండి.

కెర్రీ: రింగ్ మొత్తమా, కిల్లార్నీ ఒక్కటేనా, డింగిలా?

రింగ్ ఆఫ్ కెర్రీ 179 కిలోమీటర్ల చుట్టు. ఆగుతూ వెళ్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది. ఈ చుట్టు అందమంతా దూరాల్లో ఉంది: అవతల స్కెల్లిగ్ దీవులు, ఇవతల కొండలు, కింద సరస్సులు. మబ్బు దిగిన రోజు ఆ దూరాలే ఉండవు. లేడీస్ వ్యూ దగ్గర కోచ్ ఆగుతుంది, అందరూ హుడ్‌లు కప్పుకుని దిగుతారు, గోడ పక్కన వరుసగా నిలబడి తెల్లటి మంచులోకి చూస్తారు, ఒకరిద్దరు మర్యాద కోసం ఫొటో కూడా తీస్తారు. కింద సరస్సులు ఉన్నాయని డ్రైవర్ చెబితే నమ్మాలి. 1861లో విక్టోరియా రాణి వచ్చినప్పుడు ఆమె వెంట ఉన్న పరిచారికలు ఈ చోటును చూసి ముగ్ధులైపోయారట, ఆ పేరు అలా వచ్చింది. వాళ్లకు ఆ రోజు మబ్బు లేదు మరి.

కాబట్టి ముసురు రోజు రింగ్ మొత్తం తిరగడం నాకు ససేమిరా ఇష్టం లేదు. కిల్లార్నీ నేషనల్ పార్క్ లోపలే ఉండిపోండి. ఈ దేశపు మొదటి నేషనల్ పార్క్ ఇది, 1932లో మక్రాస్ ఎస్టేటును దానంగా ఇవ్వడంతో మొదలైంది. టార్క్ జలపాతం కార్ పార్క్ నుంచి కొద్ది నిమిషాల నడక, సుమారు 20 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. ఎండ రోజుల్లో సన్నగా ఉండే ధార రెండు రోజుల వాన తర్వాత రాళ్లన్నీ కప్పేస్తూ దిగుతుంది, చెట్ల కింద దారి కాబట్టి నెత్తి మీద వాన కూడా అంతగా తెలియదు. అక్కడి నుంచి మక్రాస్ హౌస్, 1843 నాటి భవనం, లోపల గదులన్నీ గైడ్‌తో చూడొచ్చు. తర్వాత లాక్ లీన్ సరస్సు ఒడ్డున రాస్ కాజిల్. మధ్యాహ్నానికి మబ్బు పైకి లేస్తే లేడీస్ వ్యూకు కారులో వెళ్లి రావడం ఎంతసేపని! లేవకపోతే పోయిందేమీ లేదు.

కెర్రీలోనే ఉన్న డింగిల్ ద్వీపకల్పం సంగతి వేరు. అక్కడి స్లే హెడ్ చుట్టు 47 కిలోమీటర్లే, అంటే చిన్నది. జల్లులు పడుతూ ఆగుతూ ఉండే రోజుకు రింగ్ కన్నా ఇదే మేలు, ఎందుకంటే ఒక జల్లు దాటేదాకా ఎక్కడైనా దూరిపోవచ్చు. డన్‌క్విన్‌లో బ్లాస్కెట్ సెంటర్ ఉంది. ఎదురుగా కనిపించే గ్రేట్ బ్లాస్కెట్ దీవిలో మనుషులు 1953 దాకా బతికారు, ఆ ఏడాదే చివరివాళ్లను ఒడ్డుకు తరలించారు. ఆ జీవితమంతా అక్కడ ప్రదర్శనలో ఉంటుంది, కిటికీలోంచి దీవి కనిపిస్తుంది. వాన జోరుగా ఉన్నప్పుడు చూడాల్సింది మాత్రం గ్యాలరస్ ప్రార్థన మందిరం. బోర్లించిన పడవలా ఉండే చిన్న రాతి గది. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చి పైకి కలిపేశారు. ప్రతి రాయినీ కొద్దిగా బయటికి వాలుగా పెట్టారు, అందుకే నీళ్లు లోపలికి రాకుండా బయటికే జారిపోతాయి. వాన పడుతుండగా వంగి లోపలికి వెళ్లి నిలబడండి. వందల ఏళ్ల కిందటి మేస్త్రీ పనితనం ఎండ రోజు అర్థం కాదు.

డింగిల్‌కు వెళ్లేటప్పుడు కానర్ పాస్ కొండదారి వద్దు. 456 మీటర్ల ఎత్తున, ఒక కారు మాత్రమే పట్టే ఇరుకు చోట్లు ఉన్నాయి, మంచులో ఎదురొచ్చే బండి కనిపించదు. అనస్కాల్ మీదుగా ఎన్86 రోడ్డు పట్టుకోండి. స్లే హెడ్ చుట్టును మాత్రం గడియారం ముల్లు తిరిగే దిక్కునే తిరగండి, పెద్ద బండ్లన్నీ అలాగే వెళ్తాయి. ఎదురుగా వెళ్తే ఇరుకు మలుపులో కోచ్‌కు ముఖాముఖి నిలబడి వెనక్కి తియ్యాల్సింది మీరే.

స్కెల్లిగ్ మైకేల్ దీవికి వెళ్లే పడవ టికెట్లు ముందే కొనుక్కున్నవాళ్లకు ఒక మాట. అల పెద్దగా ఉంటే పడవ బయల్దేరదు, మంచి వేసవిలో కూడా రద్దవుతూనే ఉంటుంది. మీ ట్రిప్ మొత్తాన్ని ఆ ఒక్క పడవ చుట్టూ అల్లకండి.

కనెమారా: ముసురు రోజుకు నా ఓటు దీనికే

గాల్వే నుంచి క్లిఫ్డెన్ వైపు ఎన్59 మీద పోతుంటే రెండు పక్కలా గోధుమరంగు బురదనేలలు, నల్లటి చిన్న సరస్సులు, వెనక ట్వెల్వ్ బెన్స్ కొండలు. ఇక్కడ చూడాల్సింది ఏదో ఒక శిఖరం మీద నుంచి కాదు, రోడ్డు మీద నుంచే. మబ్బు కొండ నడుం దాకా దిగినా కింద సరస్సూ, గడ్డీ, గొర్రెలూ కనిపిస్తూనే ఉంటాయి. సగం కప్పి సగం చూపించే ఆ మబ్బుతోనే ఈ ప్రాంతానికి అసలు రూపం వస్తుంది. నీలాకాశం ఉన్న రోజు కనెమారా బాగుంటుంది, బూడిదరంగు రోజు ఇంకా బాగుంటుంది. ఇది నా పక్షపాతమే అనుకోండి.

తలదాచుకోవడానికి కైల్‌మోర్ అబీ ఉంది. మిచెల్ హెన్రీ అనే ధనవంతుడు 1860ల చివర్లో కట్టించడం మొదలుపెట్టిన కోట, 1920 నుంచి బెనెడిక్టైన్ సన్యాసినుల చేతిలో ఉంది. లోపల గదులు, చిన్న చర్చి, కెఫే, కాస్త దూరంలో గోడలు కట్టిన తోట. పెద్దవాళ్లతో అయితే సగం పూట హాయిగా గడిచిపోతుంది. తర్వాత లీనేన్ దగ్గర కిల్లరీ. రెండు వైపులా కొండల మధ్య 16 కిలోమీటర్లు లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఇది. బయట సముద్రం ఎగిరెగిరి పడుతున్నా లోపల నీళ్లు చాలావరకు నిలకడగా ఉంటాయి, పడవలో పైకప్పు ఉన్న వెచ్చటి హాలు ఉంటుంది. వాన రోజు పడవ ఎక్కడం పిచ్చిపని అనిపిస్తుంది గానీ, ఎండ రోజు లేని నీటి ధారలు ఆ రోజు కొండల మీద ఎక్కడపడితే అక్కడ దిగుతుంటాయి. పక్కనే ఆస్లీ జలపాతం రోడ్డు మీదకే కనిపిస్తుంది.

వదిలేయాల్సినవి: డైమండ్ హిల్ ఎక్కడం, మబ్బుంటే క్లిఫ్డెన్ దగ్గర స్కై రోడ్. గాలికి హెచ్చరిక ఉంటే కనెమారా మొత్తాన్నీ వదిలేయాలి. ఎయోవిన్ రికార్డు గాలి కొలిచిన మేస్ హెడ్ ఈ తీరంలోనే ఉంది.

డబ్లిన్‌లో ఉండి ఒక్క రోజే ఉంటే

విక్లో. పెద్దగా ఆలోచించక్కర్లేదు. గంట, గంటన్నరలో గ్లెండాలాక్ చేరతారు, వాన మరీ ఎక్కువైతే మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయొచ్చు. పన్నెండు గంటల కోచ్‌లో ఆ వీలుండదు. ఆరో శతాబ్దంలో సెయింట్ కెవిన్ మొదలుపెట్టిన మఠం శిథిలాలు, 30 మీటర్ల గుండ్రటి గోపురం, దిగువ సరస్సు పక్కన చదునైన దారి. పైన స్పింక్ కొండదారి మంచులో వద్దు. వెళ్లేటప్పుడు శాలీ గ్యాప్ కొండదారి మీదుగా కాకుండా రౌండ్‌వుడ్, లారా ఊళ్ల మీదుగా వెళ్లండి. కారుంటే పవర్స్‌కోర్ట్ జలపాతం కూడా కలుపుకోండి, 121 మీటర్ల ఎత్తు, బండి దిగితే ఎదురుగానే. కారు లేనివాళ్లు బ్రే, గ్రేస్టోన్స్ మధ్య రైల్లో కూర్చున్నా చాలు. పట్టాలు సముద్రం అంచునే పోతాయి, అలలు కిటికీ కిందే కొట్టుకుంటాయి, మీరు తడవరు.

కోచ్, కారు, రైలు

మోహర్, రింగ్ లాంటి పేరున్న చోట్లకు కోచ్ చవక, సుఖం. ఇరుకు రోడ్డు టెన్షన్ డ్రైవర్‌ది. కానీ వాతావరణాన్ని బట్టి దారి మార్చుకునే స్వేచ్ఛ దానికి లేదు, అద్దాలకు ఆవిరి పట్టి సగం దృశ్యం చేత్తో తుడుచుకుంటూ చూడాలి. వానలో ఎంచుకునే వెసులుబాటు కారుకే ఉంది. మన లాగే ఎడమ వైపు నడపడం కాబట్టి అలవాటు సమస్య లేదు. సందర్శకులుగా వచ్చినవాళ్లు భారత లైసెన్స్‌తో 12 నెలల దాకా నడపొచ్చు. ఇక్కడ స్థిరపడ్డవాళ్లు మాత్రం ఐరిష్ లైసెన్స్ తీసుకోవాల్సిందే. 2025 ఫిబ్రవరి 7 నుంచి పల్లె స్థానిక రోడ్ల మీద వేగ పరిమితిని 80 నుంచి 60కి తగ్గించారు. వానలో ఆ 60 కూడా చాలా చోట్ల ఎక్కువే, రెండు పక్కలా రాతిగోడలు, మలుపు అవతల ట్రాక్టరో గొర్రెల మందో ఉంటుంది. రోడ్డుకు అడ్డంగా నీళ్లు నిలిచి ఉంటే లోతు ఎంతో చూద్దామని దిగకండి, వెనక్కి తిప్పేయండి.

అద్దె కారు విషయంలో ఎవరూ చెప్పని ఒక చిన్న సంగతి: తలుపు. సముద్రం పక్క కార్ పార్క్‌లో గాలికి వీపు పెట్టి ఆపి, తలుపు గొళ్లెం తీశారంటే గాలి దాన్ని చేతిలోంచి లాక్కుని ముందుకు విరిచేస్తుంది. కీలు వంగుతుంది, తలుపు మళ్లీ సరిగా పడదు, ఇలాంటి నష్టం ఇన్సూరెన్స్‌లో రాకపోవడం మామూలే. కారు ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపండి, తలుపును రెండు చేతులా పట్టుకుని కొంచెం కొంచెంగా తియ్యండి, వెనక సీటు పిల్లలకు ముందే చెప్పండి.

నా దృష్టిలో మధ్యేమార్గం రైలు. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి గాల్వేకు సుమారు రెండున్నర గంటలు, కిల్లార్నీకి మూడు గంటల పైన, సాధారణంగా మాలోలో మారాలి. అక్కడే ఒకటి రెండు రాత్రులు ఉండి, రేపు ఎటు వెళ్లాలో ఈ రాత్రి రాడార్ చూసుకుని స్థానికంగా చిన్న కోచ్ టూర్ కొనుక్కోవచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఇదే చెబుతాను.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. గొడుగు ఇంట్లో పెట్టేయండి, ఇక్కడ వాన పక్కనుంచి కొడుతుంది, గొడుగు తిరగబడుతుంది. హుడ్ ఉన్న రెయిన్ జాకెట్, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, మేజోళ్లు ఒక జత అదనంగా. జీన్స్ తడిస్తే సాయంత్రం దాకా ఆరదు. చలికాలంలో అయితే డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటగానే పొద్దు పోతుంది కాబట్టి పై దూరాలన్నీ సగానికి కుదించుకోండి. పల్లె కెఫేలు చాలావరకు ఐదింటికల్లా మూసేస్తాయి, శాకాహారులకు సూప్, బ్రౌన్ బ్రెడ్ దొరుకుతాయి గానీ డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో టీ ఉంటే ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు.

చివరగా జెయింట్స్ కాజ్‌వే, సముద్రం ఒడ్డున రాతి స్తంభాలు పేర్చినట్టుండే చోటు. పడమట అంతా వాన, ఉత్తరాన ఎండ అని చూసి అటు కోచ్ ఎక్కే ముందు ఆగండి. అది ఉత్తర ఐర్లండ్, అంటే బ్రిటన్ కిందికి వస్తుంది. దారిలో సరిహద్దు గేటు కనిపించదు, కానీ భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు బ్రిటన్ వీసా కావాలి, ఐర్లండ్ రెసిడెన్స్ కార్డు సరిపోదు. సందర్శకులుగా వచ్చిన అమ్మానాన్నల ఐర్లండ్ వీసా మీద 'బీఐవీఎస్' (బ్రిటిష్-ఐరిష్ ఉమ్మడి వీసా పథకం) అని ముద్ర ఉంటే వాళ్లు వెళ్లొచ్చు. అదే ఇంట్లో ఉన్న మీకు వీసా లేకపోతే వాళ్లను కోచ్ ఎక్కించి మీరు ఉండిపోవాల్సిందే.